నీడకు సంతకం

రెండో రోజు కూడా శివప్రకాశం కోడలి చేతి కాఫీ ముట్టలేదు.

సుగన్య లోటా తెచ్చి అరుగు మీద పెట్టింది. ఆయన అటు తిరగలేదు. వీధిలో సున్నంతో గీసిన గుండ్రాల వైపే చూస్తూ కూర్చున్నాడు. వీధికి అటు ఏడు, ఇటు ఏడు. రేపు ఒక్కో గుండ్రంలో ఒక్కో గుంట తవ్వుతారు. గుంటకో కానుగ మొక్క, మొక్క చుట్టూ ఇనుప కంచె.

"అత్తా, మామ మళ్లా తాగలేదు," అంది సుగన్య లోపలికొచ్చి.

"ఆడే ఉండనీ. చల్లారినాక నేను తాగతా," అంది రాజాంబాళ్. "రెండు దినాలుగా నాకు రెండు కాఫీలు దొరకతా ఉండాయి. ఇంకో వారం కోపంగా ఉండమను."

కోపమంతా ఆ గుండ్రాల మీదే. తమిళనాడులోని గుడియాత్తంలో ఆ వీధికి వీధే కైలీలు, అంటే లుంగీలు నేసే మగ్గం ఇళ్లు. పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు నూలుకు, గంజి పెట్టాలంటే ఇంట్లో చోటు చాలదు, వీధి పొడుగునా సాచాలి. తెల్లవారుజామునే రెండు కొసలా కొయ్యలు పాతి, తాళ్లు బిగించి, కుంచెలతో గంజి రుద్దుతారు. ఎవరి పడుగు వీధిలో ఉంటే వాళ్లకు వీధంతా వచ్చి చెయ్యి వేస్తుంది. కూలి ఇవ్వరు, అడగరు. ఈ పూట నీది, రేపు నాది. ఎనిమిది, మహా అయితే తొమ్మిది గంటలకల్లా కొయ్యలు పీకేస్తారు. ఆ తర్వాత వచ్చి చూసేవాళ్లకు అది ఉత్త ఖాళీ వీధి.

మొక్కల సర్వేకు వచ్చినవాళ్లు పదింటికి వచ్చారు. ఖాళీ వీధి అని రాసుకున్నారు.

ఏటేటా ఎండలు ముదిరిపోతున్నాయి గనుక వీధుల్లో నీడ పెంచాలని, అది కూడా జనం తామే కోరి పెంచుకోవాలని వేలూరులోని ఒక సంస్థ పథకం వేసింది. వీధికొక ప్రతినిధి ఉండాలన్నారు. ఈ వీధికి సుగన్య కుదిరింది. వేలూరు మేస్త్రీ కూతురు, పన్నెండో తరగతి చదివింది, తమిళం గడగడా చదువుతుంది, నాలుగిళ్లకు వెళ్లి మాట్లాడగలదు. నాలుగేమిటి, ముప్పయి ఒక్క ఇళ్లకూ వెళ్లింది. వెళ్లింది నడివేసవి కత్తిరి ఎండలో, మిట్టమధ్యాహ్నం. అడిగింది ఒకే మాట, నీడ కావల్లా అని. ఆ వేళప్పుడు అడిగితే వద్దనేవాడు ఎవడు? ముప్పయి ఒక్క సంతకాలూ పడ్డాయి.

అందులో మొదటిది శివప్రకాశానిదే. కోడలు ఇల్లు దాటి చేస్తున్న మొదటి పని, ఎందుకు కాదనాలని పెట్టాడు. పెద్దాయన పెట్టాడు కదా అని మిగతావాళ్లు పెట్టారు. కాగితం తమిళంలో ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే ఆ పెద్దల్లో అచ్చు చదివేవాళ్లు తక్కువ. చదివి చెప్పమని ఒక్కరూ అడగలేదు. అడగనందుకు ఇప్పుడు అందరికీ కోపంగా ఉంది, ఆ కోపం చూపించుకోవడానికి శివప్రకాశం అరుగు దొరికింది.

ఆ పొద్దు కోపపడే వంతు ఎదురింటి ధర్మలింగానిది. అతనూ మగ్గం మనిషే.

"అన్నా, నీ చెయ్యి చూసి గదా మేం చెయ్యి పెట్టింది," అన్నాడు నిలబడే. "నీకు తెలిసే ఉంటాది అనుకొంటిమి."

శివప్రకాశం తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"రేపు గుంటలు పడితే పడుగు యాడ సాచేది? మిద్దె మీదనా?"

తలుపు దగ్గర నిలబడ్డ సుగన్య ఉండబట్టలేక బయటికి వచ్చింది. "చెట్ల నీడ పడితే పడుక్కీ మంచిదే గదా చిన్నమామా. నిదానంగా ఆరతాది. మా నాయన కాంక్రీటు పోసినాక తడి గోనెపట్టలు కప్పి, వారం దినాలు ఎండ తగలనీడు. అప్పుడే గట్టిగా ఉంటాది."

ధర్మలింగం నవ్వాడు. కోపంగా వచ్చిన మనిషికి అంత నవ్వు వస్తుందని అతనే అనుకోలేదు. "ఇది సిమెంటు కాదు తల్లీ, గంజి. నీడలో ఆరితే పోగూ పోగూ అంటుకొని పోతాది. మళ్లా విడదీసేది మీ నాయన వచ్చి చేస్తాడా?"

సుగన్య మొహం ఎర్రబడింది. మేస్త్రీల ఇంట్లో పుట్టిన పిల్లకు ఆరడం అంటే నీడలో ఆరడమే. ఈ ఇంటికి వచ్చి నాలుగేళ్లయినా, గంజి పెట్టిన పడుగు ఎండలోనే ఆరాలని ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

"చెట్లు ఎదిగేదానికి ఏండ్లు పడతాది," అంది. "అంతవరకూ మధ్యలో పదడుగులు విడిచినాం. దాంట్లో..."

అక్కడ ఆగిపోయింది.

"దాంట్లో?" అన్నాడు ధర్మలింగం.

"ఏమీ లేదు," అని లోపలికి వెళ్లిపోయింది.

మొన్న గుండ్రాలు గీసిన రోజు ఒప్పందం నకలు ఒకటి ఆమె చేతికి వచ్చింది. ఆ రోజే మొదటిసారి చివరిదాకా చదివింది. పది షరతులు. పదోది మధ్యలో వదిలిన ఆ పదడుగుల గురించే.

మధ్యాహ్నం అన్నాల దగ్గర శివప్రకాశం నోరు తెరిచాడు. చెప్పింది భార్యకు, వినవలసింది కోడలు.

"రేపు ఆ వేలూరు అమ్మ వస్తాది గదా. నా పేరు కొట్టేస్తా. నేను కొడితే అందరూ కొడతారు."

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి సంస్థ తరఫున మోహన వస్తుంది. మొక్కల లారీ వెంట వస్తుంది. మనసు మారినవాళ్లు ఆమె ముందర పేరు కొట్టేసుకోవచ్చు. వీధి వద్దంటే లారీ లత్తేరికి వెళ్లిపోతుంది. అక్కడి వీధి ఒకటి తమ వంతు కోసం కాచుకుని ఉంది.

రాజాంబాళ్ మజ్జిగ పోస్తూ, "కొట్టేయండి," అంది. "మీ పేరు మీరు కొట్టుకొంటే ఎవరు వద్దంటారు? నా పేరు యాడ ఉండాది?"

"ఇంటికి ఒకటే కైయెళుత్తు," అన్నాడు, సంతకాన్ని తమిళంలో అంటూ.

"ఇంటికి ఒకటే రేకులకొట్టం కూడా. దాని కింద కూసోనేది నేను."

శివప్రకాశం చెయ్యి అన్నంలో ఆగింది. కిందటి ఏడు వైశాఖంలో, వీధి పక్కనున్న ఆ రేకుల కింద నూలు కండెలు చుడుతూ చుడుతూ రాజాంబాళ్ పక్కకు ఒరిగిపోయింది. నాలుగు రోజులు వేలూరు ఆసుపత్రిలో ఉంది. ఎండ వేడిలో మళ్లీ కూర్చోవద్దన్నారు. ఇంటికి వచ్చి పది రోజులు కూర్చోలేదు. పదకొండో రోజు కండెలు అయిపోయాయి.

"నీకోసం ఒక ఫ్యాను పెట్టిస్తినే," అన్నాడు నెమ్మదిగా.

"పెట్టించినారు. వేడి గాలి ఒక చోటే ఉండేది, ఇప్పుడు అన్ని పక్కలా తిరగతా ఉండాది."

సుగన్యకు నవ్వు వచ్చింది. నవ్వితే ఏమవుతుందో తెలుసు కాబట్టి తలవంచుకుంది.

"రాజం, నువ్వు తెలిసే మాట్లాడతా ఉండావా?" శివప్రకాశం గొంతు లేచింది. "వీధి పోతే మనం గంజి పెట్టిన పడుగు కొనుక్కోవల్ల. పక్క వీధి పొన్నుస్వామిని చూడు. నూలిచ్చే మాస్టరు యాడ నుంచో తెప్పించిన పడుగు ఇస్తాడు, ఆయన చెప్పిన రేటుకు వీడు నేస్తాడు, ఆయన వద్దన్న దినం కూసోంటాడు. నా పడుగు నేను సాచుకొనేదాకే నేను నేతగాణ్ణి. ఆ తర్వాత కూలోణ్ణి."

"మన పడుగు నెలకు ఒక తెల్లారి," అంది రాజాంబాళ్. ఆమె గొంతు లేవలేదు. "నా మధ్యాహ్నం దినామూ వస్తాది."

ఇద్దరూ చెప్పింది నిజమే. అలాంటి తగాదాల్లో తీర్పు చెప్పేవాడు దొరకడు, అన్నం మాత్రం చల్లారుతుంది. ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. ఆమె ఆయన విస్తరి ఎత్తుతూ, "నన్ను ఎవరన్నా అడిగినారా?" అంది. అది ఆయనతో అన్నదో, కోడలితో అన్నదో చెప్పడం కష్టం. సుగన్య మాత్రం తనతోనే అనుకుంది. ఆ ముప్పయి ఒక్క ఇళ్లలోనూ ఆమె మగవాళ్లనే అడిగింది. ఆడవాళ్లు నీళ్లిచ్చారు, కుర్చీ వేశారు.

లోగనాథన్ మూడింటికి వచ్చాడు. శివప్రకాశం ఒక్కగానొక్క కొడుకు, సుగన్య భర్త. మగ్గం ఎక్కనని పదేళ్ల కిందే చెప్పేసి, కాట్పాడి దాకా నూలు బేళ్లు తోలే చిన్న సరుకు బండి నడుపుతున్నాడు. సుగన్య అతన్ని కొట్టం వెనక్కి పిలిచి కాగితం చూపించింది.

"పదోది చదవండి."

చదివాడు. మూడేళ్లపాటు వీధిలో కొయ్యలు పాతరాదు, తాళ్లు కట్టరాదు, ఏ పనికీ దారిని అడ్డగించరాదు. అతిక్రమించిన ఇంటిపై నగరసభకు ఫిర్యాదు చేయబడును.

"మోహనమ్మకు చెప్పినావా?"

"ఫోను చేసినా. అన్ని ఊళ్లకూ ఒకే కాయిదమంట. ఒక వీధి కోసం మార్చేది కుదరదంట. పడుగు అంటే ఏందో ఆమెకు తెలియదు, పందిరి మాదిరి ఏమన్నానా అని అడగతాది."

లోగనాథన్ కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాడు. "ఎవరికీ చెప్పొద్దు."

"ఎట్ల?"

"ఎట్ల ఏంది? మీ నాయన గుంటల పని ఒప్పుకొన్నాడు. ఈ ఎండలకు స్లాబు పనులు పదకొండుకే నిలిచిపోతా ఉండాయని, నెమిలి ఊరి నుంచి తెచ్చుకొన్న ఆరుమందికి పని లేదని ఆయనే గదా చెప్పినాడు? ఆ పని ఆయనకు దొరికింది. అమ్మకు నీడ వస్తాది. ఈ పదో మాట ఎవరికి కావల్ల?"

"మామకు."

"నాయనకు చదివేది రాదు."

"అందుకే చెప్పల్ల."

"రేపు కాకుంటే ఎల్లుండి వీధి ఎట్లైనా పోతాది సుగన్యా. ఇంకో పదేండ్లకు ఎవరు సాస్తారు పడుగు? నేను సాస్తానా?"

అతను చెప్పింది తప్పు కాదు. ఆ మాట అతను తండ్రి ముందర అనలేడన్నది కూడా నిజం. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతిని ఎవరూ అనకపోతే అది కొన్నాళ్లు జరగకుండా ఆగుతుందని ఆ ఇంట్లో ఒక నమ్మకం.

"నువ్వు చెప్తే లారీ లత్తేరికి పోతాది," అన్నాడు వెళ్తూ. "మళ్లా వచ్చే వైశాఖంలో అమ్మను ఆసుపత్రికి నువ్వే ఎత్తుకొని పో."

మర్నాడు వీధిలో పడుగు లేదు. వంతు ఉన్నవాళ్లు కూడా సాచలేదు. ఆరింటికే ముప్పయి ఒక్క ఇళ్లవాళ్లూ అరుగుల మీద కూర్చున్నారు, పెళ్లివారి వ్యాను కోసం కూర్చున్నట్టు. శివప్రకాశం తన కొయ్యలు రెండూ తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు.

లారీ కంటే ముందు చిన్నరాజు వచ్చాడు, సుగన్య తండ్రి. ఆరుగురు మనుషులు, గడ్డపారలు, పలుగులు. వియ్యంకుణ్ణి చూసి దండం పెట్టాడు.

"బాగుండావా బావా?"

"ఉండా," అన్నాడు శివప్రకాశం.

ఎనిమిదింటికి మోహన దిగింది. ఆమెది వేలూరు తమిళం. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. ఎండ గురించి, నీడ గురించి రెండు మంచి మాటలు చెప్పింది. బలవంతం ఏమీ లేదంది. మనసు మారినవాళ్లు ఒక్కొక్కరుగా వచ్చి తమ పేరు కొట్టేయవచ్చంది. ఆ కాగితం పట్టుకునే పని సుగన్యకు అప్పగించింది.

"అన్న మొదట పెట్టినాడు," అన్నాడు ధర్మలింగం. "మొదట కొట్టేది కూడా అన్నే."

శివప్రకాశం లేచాడు. మోహన పెన్ను అందించింది. ఆయన దాన్ని కుంచె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఆ పెన్ను నాకు ఇవ్వండి."

రాజాంబాళ్ గడప దాటి వచ్చింది. వీధిలో మగవాళ్లు ఉన్నప్పుడు ఆమె అంత గట్టిగా మాట్లాడడం ధర్మలింగం ఎప్పుడూ వినలేదు.

"ఇంటికి ఒకటే అమ్మా," అంది మోహన.

"తెలుసు. అది ఆయనదే ఉండల్లని కాయిదంలో ఉండాదా?"

మోహన సుగన్య చేతిలోని కాగితం చూసింది. ఇంటి పెద్దలలో ఒకరు అని ఉంది. మగవాడు అని లేదు. ఆ సంగతి ఆమెకే అప్పుడు తెలిసినట్టుంది. "ఎవరైనా పెట్టవచ్చు," అంది.

శివప్రకాశం భార్య మొహంలోకి చూశాడు. వీధి మొత్తం ఆయన్ను చూస్తోంది. పెన్ను ఆమె చేతిలో పెట్టేశాడు. "పెట్టు," అన్నాడు. "నా చెయ్యి చూసి వీధి పెట్టింది. ఇప్పుడు నీ చెయ్యి చూస్తాది."

"నేను మీ మాదిరి పెట్టను," అంది రాజాంబాళ్. "సుగన్యా, చదువు. మొదటి నుంచి. మన మాటల్లో చెప్పు. ఒక్కటి కూడా విడవద్దు."

సుగన్య చదవడం మొదలుపెట్టింది. మొక్కలు ఉచితం. నీళ్లు ఇంటివాళ్లు పొయ్యాలి. మేకలు తినకుండా చూడాలి. చచ్చిన మొక్కకు బదులు ఇంకొకటి ఇస్తారు. కొమ్మలు నరకకూడదు. కంచెకు బట్టలు ఆరేయకూడదు అన్నప్పుడు ఆడవాళ్లు నవ్వారు. ఆమె ఒక్కొక్క వాక్యం తమిళంలో చూసి, తెలుగులో చెప్పి, తల ఎత్తి అత్తను చూసి, మళ్లీ వంచుకుంటోంది. లోగనాథన్ లారీ పక్కన నిలబడి ఆమెనే చూస్తున్నాడు.

తొమ్మిదోది అయిపోయింది. సుగన్య గొంతు ఆగింది.

"అయిపోయిందా తల్లీ?" అన్నాడు చిన్నరాజు. ఆయన మనుషులు అప్పటికే గడ్డపారలు చేతిలోకి తీసుకున్నారు. కాగితం కోసం మోహన చెయ్యి చాచింది.

అవును అంటే అయిపోయేది. ఆ వీధిలో ఆ కాగితం చదివి అడిగేవాళ్లు లేరు. భర్త మొహం, తండ్రి మొహం, వైశాఖపు ఆసుపత్రి మంచం అన్నీ ఆమె కళ్ల ముందు ఉన్నాయి. ఆమెకు భయం వేసింది.

"ఇంకొకటి ఉండాది," అంది.

చెప్పింది. మూడేండ్లు వీధిలో కొయ్య పాతకూడదు. తాడు కట్టకూడదు. దారికి అడ్డం ఏదీ పెట్టకూడదు. పెడితే ఆ ఇంటి మీద ఫిర్యాదు పోతుంది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అరుగులన్నీ ఒక్కసారే లేచాయి. ధర్మలింగం మోహన మీద అరిచాడు, మోహన ఇది మామూలు నిబంధన అంది, ఎవరో లారీ తిప్పుకొని పొమ్మన్నారు. శివప్రకాశం ఒక్కడే అరవలేదు. కోడలి దగ్గరికి వచ్చాడు. మూడు రోజుల తర్వాత ఆమెతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

"గుండ్రాలు గీసిన దినమే మామా."

"నీకు?" అన్నాడు కొడుకు వైపు తిరిగి.

లోగనాథన్ లారీ టైరు వైపు చూస్తూ, "నిన్న," అన్నాడు.

శివప్రకాశం తల ఆడించాడు. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే వాళ్లిద్దరికీ తేలిగ్గా ఉండేది.

"మూడేండ్లేనా?" అంది రాజాంబాళ్. ఆమె అంతసేపూ ఆ పెన్ను పట్టుకునే ఉంది.

"మూడేండ్లు అత్తా."

రాజాంబాళ్ కోడలి చేతిలోని కాగితాన్ని తీసుకుని అరుగు మీద పరిచింది. విరించిపురం బడిలో మూడో తరగతి దాకా నేర్చుకున్న తమిళ అక్షరాల్లో, మొగుడి పేరు కిందనే, తన పేరు నిదానంగా రాసింది. వీధి గొంతులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ఆ కాగితం మీద మొత్తం విన్నాక పడిన సంతకం అదొక్కటే.

శివప్రకాశం ఆ సంతకాన్ని చూశాడు. చదవలేడు కాబట్టి ఊరికే చూశాడు. తర్వాత కొయ్య ఒకటి తీసుకుని వీధి నడిమధ్యకు వెళ్లాడు. దాన్ని నిలబెట్టి, రాయి అందుకుని, మొదటి దెబ్బ వేశాడు.

"రేపు తెల్లారి నా పడుగు," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "వచ్చేవాళ్లు రండి."

ఎవరూ కదలలేదు. ధర్మలింగం కూడా నేల చూశాడు. ఫిర్యాదు అన్న మాట అందరి చెవుల్లోనూ ఉంది.

"నేను వస్తా," అంది రాజాంబాళ్.

మోహన రాజాంబాళ్ వైపు తిరిగింది. "అమ్మా, ఇప్పుడే కదా అన్నీ విని సంతకం పెట్టారు?"

"పెట్టినా. ఆ చెట్లు నాకు కావల్ల. మా పడుక్కి కుంచె పట్టేది కూడా నేనే. తొమ్మిది మాటలు మేం చేస్తాం. పదోది మీరు కొట్టేసి తీసుకొని రండి."

"అది నా చేతుల్లో లేదు."

"ఎవరి చేతుల్లో ఉండాదో వాళ్లను పిలవండి. ఫిర్యాదు పెట్టల్లంటే ఆయన మీద ఒకటి, నా మీద ఒకటి పెట్టండి."

రెండో దెబ్బ పడింది. కొయ్య జానెడు లోపలికి దిగింది. లారీ డ్రైవరు లత్తేరికి పొద్దుపోతుందని హారను కొట్టాడు. ఆరుగురు మనుషులు సున్నపు గుండ్రాల దగ్గర గడ్డపారలు ఆనించుకుని, ఎవరి మాట వినాలో తెలియక మేస్త్రీ వైపు చూశారు. చిన్నరాజు వియ్యంకుణ్ణి చూశాడు, వియ్యపురాలిని చూశాడు. చివరికి కాగితం మళ్లీ చేతికి తీసుకుని నిలబడ్డ కూతురి దగ్గరికి వచ్చాడు.

"ఈ వీధికి మనిషివి నువ్వే గదా తల్లీ. నువ్వు చెప్పు. తవ్వేదా, వద్దా?"

ఆ జవాబు వినడానికి శివప్రకాశం కూడా ఎత్తిన రాయి దించాడు.